నీరు తీసే చెరువుల్లో వేసవి చేపల వేట

వానలకు నిండి, సాగుకూ తాగుకూ వాడగా శీతాకాలం చివరి నుంచి తగ్గుతూ వచ్చి, రోహిణి కార్తె నాటికి కట్ట పక్కన చిన్న మడుగుగా మిగిలే నీటివనరుల్లో ఎండాకాలంలో సాగే చేపల వేట దక్షిణ భారతంలో ఒక ప్రత్యేకమైన విద్య. సముద్రంలో వేట గాలినీ, నదిలో వేట ప్రవాహాన్నీ అనుసరించి సాగితే, చెరువులో వేసవి వేట నీటిమట్టాన్ని అనుసరించి సాగుతుంది. మట్టం మారినప్పుడల్లా చేప నిలిచే చోటు, మేత మేసే వేళ, ఊపిరి తీసే తీరు మారతాయి. వాటితోపాటు వల, గాలం, ఊత వంటి సాధనాల్లో ఏది పనికొస్తుందన్నదీ మారుతుంది. పుదుచ్చేరి శివార్లలోని ఊసుడు చెరువు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని గొలుసుకట్టు చెరువులు, కొల్లేరు, కృష్ణానది మీది పెద్ద జలాశయాలు ఈ వేటకు వేర్వేరు రూపాలను చూపుతాయి.

ఊసుడు చెరువు, దాని పరిసరాలు

పుదుచ్చేరి పట్టణానికి వాయవ్యంగా ఉన్న సేదరపేట్ నేడు పారిశ్రామికవాడగా ప్రసిద్ధం. దానికి దక్షిణాన, పట్టణానికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఊసుడు చెరువు ఉంది. పుదుచ్చేరి ప్రాంతంలో లెక్కకు వచ్చే 84 చెరువుల్లో ఇదే పెద్దది. రెండోది బాహూరు చెరువు. దాదాపు 800 హెక్టార్ల ఊసుడు చెరువులో సగానికి కాస్త తక్కువ భాగం పుదుచ్చేరికీ, మిగిలినది తమిళనాడులోని విల్లుపురం జిల్లాకూ చెందుతుంది. చెరువు చుట్టూ కురిసే వానతోపాటు, శంకరాపరణి నది నుంచి సుత్తుకేణి దగ్గర మళ్లించిన కాలువ కూడా దీన్ని నింపుతుంది. ఎగువన వీడూరు ఆనకట్ట నుంచి నీరు వదిలిన ఏడు చెరువు త్వరగా నిండుతుంది. 2008లో పుదుచ్చేరి ప్రభుత్వం తన వైపు భాగాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. తరువాత తమిళనాడు కూడా తన భాగానికి ఆ రక్షణ కల్పించింది. అందువల్ల ఇక్కడ వేట మత్స్యశాఖ లెక్కలకే పరిమితమైన విషయం కాదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి కూడా వస్తుంది.

పుదుచ్చేరి పల్లెల్లోనూ, విల్లుపురం జిల్లాలోనూ తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు చెరువు సేద్యం, చెరువు చేప రెండూ పరిచితమే. ఈ తీరంలో చెరువు చేపకు వేసవిలో విలువ పెరగడానికి ఒక కారణం ఉంది. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవలతో సముద్రపు వేటను నిషేధిస్తారు. సముద్రపు చేప సంతకు తక్కువగా వచ్చే ఈ రోజులూ, చెరువుల్లో నీరు అడుగంటి చేప సులువుగా చిక్కే రోజులూ చాలావరకు కలిసి రావడంతో, కొరత తీర్చే భారం కొంత లోతట్టు చేప మీద పడుతుంది. వేసవిలో చిన్న చెరువుల మీద వేట ఒత్తిడి ఎందుకు పెరుగుతుందో అర్థం కావాలంటే ఈ రెండు కాలాల కలయికను గుర్తుంచుకోవాలి.

రెండు వానకాలాలు, రెండు మట్టాల లెక్కలు

చెరువు ఎప్పుడు నిండుతుంది, ఎప్పుడు తరుగుతుంది అన్నది అన్నిచోట్లా ఒకటి కాదు. తెలంగాణ, కోస్తా ఉత్తర భాగం నైరుతి రుతుపవనాల మీద ఆధారపడ్డ ప్రాంతాలు; అక్కడి చెరువులు శ్రావణ భాద్రపదాల్లో అలుగు పారి, మాఘం నుంచి తగ్గడం మొదలుపెడతాయి. నెల్లూరు నుంచి దక్షిణానికి, పుదుచ్చేరితో సహా, ప్రధానమైన వాన ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఆ వానలకే చెరువులు నిండుతాయి. కాబట్టి మే నెలలో వరంగల్ చెరువు నిండి ఎనిమిది తొమ్మిది నెలలైతే, ఊసుడు చెరువు నిండి అయిదారు నెలలే అవుతుంది. మరో తేడా కూడా గమనించదగింది. తెలంగాణ చెరువుకు మృగశిరతో వేసవి ముగిసినట్టే; తొలకరి జల్లు పడగానే నీరు తిరిగి చేరడం మొదలవుతుంది. పుదుచ్చేరి చెరువు మాత్రం ఆషాఢం, శ్రావణం దాటినా సన్నని వానలతోనే నెట్టుకొస్తూ, ఆశ్వయుజం వరకు మళ్లీ నిండే అవకాశం లేకుండా ఉంటుంది. అక్కడ చేపకు ఇక్కట్లు ఎక్కువ కాలం సాగుతాయి.

నీరు తగ్గడంలో సాగుకు తూము ద్వారా పోయేది ఒక పాలు మాత్రమే. ఎండలు మండే రోజుల్లో ఆవిరి రూపంలోనే దాదాపు సెంటీమీటరు నీరు రోజుకు పోతుంది. ఇంకుడు దీనికి అదనం. చెరువు ఆకారం ఈ తగ్గుదల ప్రభావాన్ని మరింత పెంచుతుంది. దక్షిణాది చెరువుకు ఒకవైపు మాత్రమే కట్ట ఉంటుంది. కట్ట కింద, తూము దగ్గర లోతు, ఎదురుగా ఎగువ వైపు పోయేకొద్దీ పల్చని నీరు ఉంటాయి. నిండినప్పుడు మునిగి, ఎండాకాలంలో తేలే ఆ పల్చటి భూమిని తెలంగాణలో శిఖం అంటారు. శిఖం వైపు నేల ఏటవాలు 200 అడుగులకు అడుగు చొప్పున ఉందనుకుంటే, మట్టం ఒక్క అడుగు తగ్గితే నీటి అంచు 200 అడుగులు వెనక్కి జరుగుతుంది. కట్ట మీద నిలబడి చూసేవారికి నీరు కొద్దిగా తీసినట్టే అనిపిస్తుంది. శిఖంలోని చేపకు మాత్రం మేత దొరికే, గుడ్లు పెట్టే, దాక్కునే నేల మొత్తం పోతుంది.

జలాశయాల్లో తగ్గుదల లోతు వైపు ఎక్కువగా ఉంటుంది. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. సాగుకు వాడుకునే కనీస మట్టం 510 అడుగులు. అంటే ఒక ఏడాదిలో నీరు 80 అడుగుల దాకా దిగే వీలుంది. శ్రీశైలంలో పూర్తి మట్టం 885 అడుగులు. వేసవిలో ఈ జలాశయాల ఒడ్డు రాళ్లూ మట్టీ తేలిన బోడి వాలుగా కనిపిస్తుంది; నాచు, గడ్డి, నీటి మొక్కలు నిలవడానికి ఆ వాలు మీద వ్యవధి ఉండదు. చెరువు శిఖంలో పెరిగే గడ్డి, వరద వచ్చినప్పుడు మునిగి కుళ్లి, చేపపిల్లల మేతకు మూలమైన సూక్ష్మజీవులను పెంచుతుంది. జలాశయం ఒడ్డుకు ఆ భాగ్యం తక్కువ. అందుకే ఎకరానికి వచ్చే చేప లెక్కలో చిన్న చెరువు పెద్ద జలాశయాన్ని మించిపోతుంది.

వేడి, ఊపిరి

నీరు వేడెక్కేకొద్దీ దానిలో కరిగి ఉండగల ఆమ్లజని తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆమ్లజని కరిగితే, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నర మిల్లీగ్రాములకు పడిపోతుంది. మరోవైపు వేడికి చేప శరీరం మరింత ఆమ్లజనిని కోరుతుంది. లోతైన జలాశయంలో పైనీరు వేడెక్కి తేలికై, కింద చల్లని బరువైన నీటిపైన ఒక పొరగా నిలుస్తుంది. రెంటికీ నడుమ ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయే పలుచని పొరను ఉష్ణసంధి అనవచ్చు. దాని కింద నీటిలో వెలుతురు, గాలి రెండూ లేక ఆమ్లజని అడుగంటుతుంది. చేపలు ఆ సంధికి పైనే, చల్లదనం ఊపిరి రెండూ కలిసి దొరికే లోతులో గుమిగూడుతాయి. చెరువుల్లో నీరు తక్కువ, గాలి తాకిడి ఎక్కువ కావడంతో ఈ పొరలు నిలకడగా ఏర్పడవు. పగలు ఏర్పడినా రాత్రి కలిసిపోతాయి.

చెరువులో ఆపద వచ్చేది తెల్లవారుజామున. పగలంతా నాచు, నీటి మొక్కలు ఆమ్లజనిని విడుదల చేస్తాయి. రాత్రి అవే దాన్ని పీల్చుకుంటాయి. నీరు తగ్గి పచ్చగా చిక్కబడ్డ చెరువులో సూర్యోదయానికి కాస్త ముందు ఆమ్లజని అట్టడుగుకు చేరి, బొచ్చెలూ రవ్వలూ నీటి పైకి తేలి నోళ్లు తెరిచి ఆడిస్తాయి. ఆ వేళ చేప ఎరను పట్టించుకోదు. అనుభవం లేనివారు చేపలు పైన కదలడం చూసి మేతకు వచ్చాయని పొరపడి గాలం వేస్తారు. గంట తరువాత, ఎండ కాస్త ముదిరి నాచు మళ్లీ పనిచేయడం మొదలుపెట్టాక వేసిన గాలానికే చేప పడుతుంది. మబ్బు పట్టిన ఉక్కపోత రోజుల తరువాత, లేదా తొలకరి వాన ఊరి మురికిని ఒక్కసారిగా తెచ్చి కలిపినప్పుడు చేపలు మూకుమ్మడిగా చనిపోయి తేలతాయి. హైదరాబాద్ పరిసరాల్లోని మురుగు చేరే చెరువుల్లో ఇలాంటి వార్తలు వేసవిలో తరచుగా వస్తుంటాయి.

వేసవి తట్టుకునే చేపలు

నీరు తగ్గే చెరువులో చేపలను రెండు తెగలుగా చూడటం ఉపయోగకరం. ఒకటి, మత్స్యశాఖో మత్స్య సహకార సంఘమో తెచ్చి వదిలే పెంపకపు చేపలు: నీటి పైభాగంలో మేసే బొచ్చె, నడుమ మేసే రవ్వ (కోస్తాలో శీలావతి), అడుగున మేసే మోసు, బంగారుతీగ. వీటిలో బంగారుతీగ తప్ప మిగతావి నిలకడ నీటిలో సాధారణంగా పిల్లలు పెట్టవు. వాటికి వరద ప్రవాహం కావాలి. రెండవది, ఎవరూ వదలకుండానే చెరువులో పుట్టి పెరిగే నల్లచేపలు: కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, బొమ్మిడాయి, వీటితోపాటు పరిగెలు. పై నుంచి వచ్చి స్థిరపడ్డ తిలాపియా ఈ రెండు తెగల్లోనూ ఒదగదు. తమిళ ప్రాంతంలో జిలేబి అని పిలిచే ఈ చేప నీరు తగ్గినా, చిక్కబడినా పిల్లలు పెడుతూనే ఉంటుంది. మే నెలలో నీరు తీసిన అంచు బురద మీద పళ్లెమంత వెడల్పున గుండ్రటి గుంటలు వరుసగా కనిపిస్తే, అవి మగ తిలాపియాలు నోటితో తొలిచిన గూళ్లని తెలుసుకోవచ్చు. నీరు వెనక్కి పోయినా ఆడచేప గుడ్లను నోట్లో పెట్టుకొని తరలిపోతుంది కాబట్టి వాటి సంతతికి పెద్దగా నష్టం ఉండదు.

వేసవి వేటకు మాత్రం కొర్రమీనే రాజు. శాస్త్రనామం చన్నా స్ట్రయేటా, తమిళంలో విరాల్, తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. మొప్పలతోపాటు తలలో గాలి పీల్చే ప్రత్యేకమైన గది ఉండటంతో, నీటిలో ఆమ్లజని లేకున్నా పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి బతకగలదు; తడి బురదలోనూ చాలా కాలం ప్రాణం నిలుపుకుంటుంది. బతికున్న చేపగానే సంతకు చేరడం, ముల్లు తక్కువగా ఉండటం దీనికి అధిక ధర తెచ్చిన కారణాలు. తల్లిదండ్రులు రెండూ గడ్డి మధ్య గూడు కట్టి, పైకి తేలే గుడ్లను, తరువాత ఎర్రటి ముద్దగా కదిలే పిల్లల గుంపును కాపాడతాయి. ఆ ఎర్రటి గుంపు కనపడ్డ చోట తల్లిచేపను పట్టడం వేటగాళ్లకు తేలిక. కానీ ఆ ఒక్క పట్టుతో కాపలా లేని పిల్లల గుంపు మొత్తం మట్టగిడసలకూ కొంగలకూ మేత అవుతుంది. దీన్ని నివారించడానికి చట్టం కన్నా ఊరి కట్టుబాటే ఎక్కువ పనిచేస్తుంది.

మృగశిర కార్తె ప్రవేశించే రోజున, అంటే జూన్ 7 లేదా 8 ప్రాంతంలో, చేప తినాలన్న తెలుగు ఆచారానికీ ఈ నీటి లెక్కకూ దగ్గరి సంబంధం కనిపిస్తుంది. అప్పటికి చెరువు అట్టడుగున ఉంటుంది, చేప సులువుగా చిక్కుతుంది, వానలు మొదలైతే ఇక పట్టడం కష్టం. హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఉబ్బసానికి ఇచ్చే చేప ప్రసాదం కూడా ఈ కార్తెలోనే. అందులో వాడేది కొర్రమీను పిల్లలనే.

సాధనాలు, పద్ధతులు

నీరు ఎంత ఉందో దాన్ని బట్టే సాధనం. చెరువు సగానికి పైగా ఉన్నంతకాలం పట్టువలలు, తెప్పలు లేదా పుట్టీల మీద వెళ్లి కట్టే నిలువు వలలు పనిచేస్తాయి. మోకాటి లోతుకు వచ్చాక విసురువల వంతు వస్తుంది. విసురువల విసరడంలో నేర్పంతా అది నీటి మీద పడేటప్పుడు పూర్తి గుండ్రంగా విచ్చుకునేలా చేయడంలోనే ఉంది. అంచున వేలాడే సీసపు గుండ్లు ఒక్కసారిగా అడుగుకు చేరకపోతే చేప కింద నుంచి జారిపోతుంది. ఇంకా తగ్గి, నీరు బురదగా మారాక ఊత చేతికి వస్తుంది. వెదురు బద్దలతో అల్లి, పైనా కిందా రెండువైపులా తెరిచి, కింది వైపు వెడల్పుగా ఉండే ఈ గంప ఆకారపు సాధనాన్ని బురద నీటిలో టక్కున నాటి, లోపల కదలిక తగిలితే పై రంధ్రంలోంచి చేయి పెట్టి చేపను పట్టుకుంటారు. కంటికి ఏమీ కనపడని నీటిలో చేతి స్పర్శతోనే మార్పునూ, కొర్రమీనునూ గుర్తించాలి; ఇంగిలాయి ముల్లు గుచ్చితే విషమెక్కి గంటల తరబడి నొప్పి పెడుతుంది కాబట్టి ఊత వేసేవారు దాన్ని తలవైపు నుంచి పట్టుకుంటారే కాని నడుము పట్టుకోరు.

తమిళనాడులోని పుదుక్కోట్టై, శివగంగ, మదురై జిల్లాల పల్లెల్లో వేసవి చివర జరిగే చేపల వేట తిరునాళ్లు ఊతకు ఇప్పటికీ ప్రాణం పోస్తున్నాయి. చెరువు ఎండే దశకు రాగానే ఊరి పెద్దలు తేదీ నిర్ణయించి, ఆ రోజు గట్టు మీద నుంచి తెల్లగుడ్డ ఊపగానే చుట్టుపక్కల ఊళ్ల జనం వందల సంఖ్యలో ఊతలూ చిన్న వలలతో ఒకేసారి నీటిలోకి దిగుతారు. పట్టిన చేప ఎవరిది వారికే. తెలంగాణలో సంఘం వల లాగడం పూర్తయ్యాక మిగిలిన చేపను ఊరు పట్టుకోవడం అనే అలవాటు ఇదే కోవలోది. సంఘం పట్టు పూర్తి కాకముందే జనం దిగితే తగాదాలు వస్తాయి.

గాలం వేటలో నీటిమట్టం పాత్ర మరింత సూక్ష్మమైనది. కొర్రమీనుకు బతికిన చిన్న కప్ప లేదా చేపపిల్ల ఎర. మిగతా వాటికి ఎర్రలు, పిండిముద్ద, తెలగపిండి కలిపిన తవుడు. జీలుగు బెండు లేదా నెమలి ఈక కాడ తేలుతూ చేప కొరుకును చూపుతుంది. మట్టం తగ్గుతున్న చెరువులో నిన్న చేప దొరికిన లోతుకే బెండు కట్టి ఇవాళ వేస్తే ఎర అడుగు బురదలో పడుంటుంది. వేళ్లతో దారం కొలిచి బెండును రోజూ కిందికి జరపడం చేయి తిరిగిన వారి అలవాటు. కలువ, తూటికాడ పొదల మధ్య కొర్రమీను గాలి మింగడానికి పైకి వచ్చినప్పుడు చిన్న బుడగల వరుస, ఒక మెత్తని చప్పుడు వస్తాయి. ఆ చోటికి రెండు మూరల ఎదురుగా కప్పను నీటి పైన గెంతేలా లాగాలి, చప్పుడైన చోటే వేస్తే చేప బెదిరి దిగిపోతుంది. చెరువు గర్భంలో మొలిచిన నల్లతుమ్మల మొదళ్లు, పాత తూము రాళ్లు, పూడిక తీసిన గుంటల అంచులు వేసవిలో చేప ఆగే చోట్లు. నీరు తగ్గుతూ ఉంటే చేప శిఖం విడిచి ఈ లోతు అంచులకు జరుగుతుంది. తగ్గడం ఆగి, కాలువ నీరు కొద్దిగా చేరినా వెంటనే పల్చటి నీటికి తిరిగి వస్తుంది. గాలం వేసేవారు మట్టం ఎంత ఉందన్నదానికన్నా అది ఎటు పోతోందన్నదానికి ఎక్కువ విలువ ఇవ్వడానికి ఇదే హేతువు.

ఈ పద్ధతుల పోలిక అమెరికా జలాశయాల్లోని క్రాపీ వేటలో కనిపిస్తుంది. తూర్పు అమెరికాకు చెందిన తెల్ల, నల్ల క్రాపీలు అరచేతి వెడల్పున పలుచగా ఉండే తీపిమాంసపు చేపలు. వసంతంలో పల్చటి నీటిలో గూళ్లు కట్టి, వేసవిలో లోతుకు దిగి, ఉష్ణసంధికి పైన మునిగిన చెట్ల కొమ్మల చుట్టూ గుంపుగా నిలుస్తాయి. అందుకే అక్కడి వేటగాళ్లు కొమ్మలనూ పొదలనూ కట్టగట్టి బరువు వేసి నీటిలో ముంచుతారు. టెన్నెసీ నది మీద 1944లో పూర్తయిన కెంటకీ ఆనకట్ట జలాశయాన్ని వేసవిలో 359 అడుగుల మట్టంలో నిలిపి, వరదనీటికి చోటు కోసం చలికాలానికి 354 అడుగులకు దించుతారు. తెల్ల క్రాపీలో ప్రపంచ రికార్డు చేప, 5 పౌండ్ల 3 ఔన్సులది, 1957లో మిసిసిపీలోని ఎనిడ్ ఆనకట్ట దగ్గర దొరికింది. అదీ వరదల కోసం మట్టం ఎక్కించి దించే జలాశయమే. వసంతంలో నీరు ఎక్కి పొదలను ముంచిన ఏడు క్రాపీ పిల్లలు ఎక్కువగా నిలదొక్కుకుంటాయన్నది అక్కడ బాగా గమనించిన విషయం. తేడా ఏమంటే, అక్కడ వేసవికి నీరు నిండుగా ఉంటుంది, ఇక్కడ అడుగంటుతుంది. అక్కడి వేసవి వేట ప్రశ్న చేప ఎంత లోతులో ఉందన్నది. ఇక్కడి ప్రశ్న చేపకు ఎంత నీరు మిగిలిందన్నది.

కొల్లేరు, కృష్ణ జలాశయాలు

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు కట్ట లేని సహజ సరస్సు. వానాకాలంలో విస్తరించి, వేసవిలో ముడుచుకుపోయి, ఉప్పుటేరు ద్వారా సముద్రంతో సంబంధం ఉన్నందున ఎండాకాలంలో ఉప్పునీరు లోనికి ఎగదన్నుకువచ్చే స్వభావం దీనిది. 1999లో 5వ కాంటూరు (సమాన ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సర్ జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తొలగించింది. ఇక్కడి లంక గ్రామాల వారు తాటి దోనెల మీద తిరుగుతూ మావులనే వెదురు బుట్టలను, వలకట్లను నీరు తగ్గే దారుల్లో అమరుస్తారు. నీరు ఎటు ఇంకుతుందో చేప అటే పోతుంది కాబట్టి, ఆ దారిలో మావు పెడితే వెతుక్కుంటూ పోయే పని లేదు.

కృష్ణ మీది జలాశయాల్లో వేసవి వేటకు పెద్ద సమస్య అలివి వల. దోమతెరలా సన్నటి కన్నులున్న పొడవాటి వలను తగ్గిన ఒడ్డు వెంట వలయంగా వేసి లాగితే వేలెడంత పిల్లతో సహా అంతా ఊడ్చుకుపోతుంది. ఆ పిల్లచేపను ఒడ్డునే ఎండబెట్టి అమ్ముతారు. నీరు నిండుగా ఉన్నప్పుడు రాళ్లూ మునిగిన చెట్లూ ఈ వలను చింపేస్తాయి. మట్టం తగ్గి బోడి ఒడ్డు తేలాకే అది నిరాటంకంగా సాగుతుంది. పెరగనిస్తే కిలోలు తూగే చేపను పిడికెడు ఎండుచేపగా మార్చడం అన్నది సాగర్, శ్రీశైలం తీరాల్లో సంప్రదాయ వేటగాళ్లు అనేక ఏళ్లుగా చేస్తున్న ఫిర్యాదు. ఆ ఫిర్యాదు పూర్తిగా న్యాయమైనది.

చివరి మడుగు

చెరువు మీద వేట హక్కు తెలంగాణలో మత్స్య సహకార సంఘాలది. ముదిరాజ్, గంగపుత్ర, బెస్త కులాల వారు వీటిలో ఎక్కువ. 2016-17 నుంచి రాష్ట్ర ప్రభుత్వం సంఘాలకు చేపపిల్లలను ఉచితంగా ఇచ్చే పథకం నడిపింది. ఎండే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలనూ, ఏడాది పొడవునా నీరుండే జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలనూ వదలడం నియమం. జలాశయంలో వాలుగ, కొర్రమీను వంటి వేటాడే చేపలు నిలిచి ఉంటాయి కాబట్టి అక్కడ చిన్నపిల్లకు బతుకు లేదు. పిల్ల ఆలస్యంగా వదిలిన ఏడు, నీరు ముందుగా తీసిన ఏడు అరకిలోకు ఎదగని చేపనే పట్టుకోవలసివస్తుంది. సాగుకు నీరు వదిలే రైతుకూ, చేప ఎదగాలనే సంఘానికీ ఏప్రిల్‌లో తూము దగ్గర వచ్చే తగువుకు మూలం ఇదే.

పేలుడు పదార్థాలతో, విషంతో చేపలు పట్టడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నిషేధించింది. మడుగులో కరెంటు తీగ వేసి పట్టడం దానికి ఇటీవలి రూపం. చేపతోపాటు మనుషుల ప్రాణాలూ పోయే ఈ పద్ధతి మడుగు చిన్నదయ్యేకొద్దీ ఎక్కువవుతుంది. మోటారుతో మడుగును పూర్తిగా తోడి పట్టడం చట్టం కంటికి అంత పెద్ద నేరంగా కనపడకపోయినా, చెరువుకు చేసే హాని తక్కువది కాదు. తూము అడుగు మట్టం కన్నా లోతుగా ఉన్న గుంటలో నీరు దానంతట అది బయటికి పోదు. వేసవి దాటించే తల్లిచేపలకు అదే ఆశ్రయం. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ వంటి పూడికతీత పనుల్లో తవ్విన గుంటలు ఈ ఆశ్రయాన్ని కొంత పెంచాయి, అయితే మట్టి కోసం చెరువు గర్భమంతా సమంగా గీకిన చోట గుంట మిగలక, నీరు పల్చగా పరుచుకొని త్వరగా ఆవిరైపోయింది. సంఘాలు తూము దగ్గరి గుంటను తోడకుండా, చివరి పట్టులో గుడ్లున్న కొర్రమీనులను తిరిగి వదిలే కట్టుబాటు పాటించిన చెరువుల్లో తొలి వరదకే పరిగె, మట్టగిడస, బొమ్మిడాయి పిల్లలు శిఖం గడ్డిలో కనిపిస్తాయి. బొచ్చె, రవ్వ పిల్లలను హేచరీ నుంచి లారీల మీద ఏటా తెచ్చి వదలవచ్చు. బొమ్మిడాయినీ పరిగెనూ తెచ్చి చెరువులో పోసే పథకం మాత్రం ఏదీ లేదు, అవి ఆ గుంటలోంచే రావాలి.